వీధి ఛాయాగ్రహణమున ఎక్స్‌పోజరు నిర్ణయము: చరిత్ర

వీధులలో, సంతలలో, రైలునిలయములలో జనులు తమతమ పనులలో నిమగ్నులైయుండగా, వారికి భంగిమలు నేర్పక, దీపములమర్చక, ఉన్నదున్నట్లు చిత్రించుటను వీధి ఛాయాగ్రహణమందురు. ఇట్టి చిత్రణమున ఫిల్ముపైగాని, నేటి కెమెరాలలోని సెన్సారుపైగాని పడవలసిన కాంతి పరిమాణమును యంత్రమునకు విడువక ఛాయాగ్రాహకుడే స్వయముగా నిర్ణయించుట మాన్యువల్ ఎక్స్‌పోజరు అనబడుచున్నది. ఆ నిర్ణయమునకు మూడంగములు కలవు: లెన్సు ద్వారము ఎంత విశాలముగా ఉండవలెనో తెలుపు ఎపర్చరు, కాంతిని ఎంతసేపు లోనికి విడువవలెనో తెలుపు షట్టరు వేగము, ఫిల్ము లేక సెన్సారు యొక్క కాంతిగ్రహణ శక్తిని తెలుపు ఐ.ఎస్.ఓ. సంఖ్య. వీనిలో దేనినైనను ఒక మెట్టు మార్చిన కాంతి ఫలితము రెట్టింపగును, లేదా సగమగును. ఆ మెట్టునే స్టాపు అని వ్యవహరింతురు. ప్రకృతిదృశ్యమును చిత్రించువానికి కొలుచుటకు వ్యవధి కలదు. వీధిలో సంఘటన జరుగుచుండగా కొలుచుటకు పూనుకొనినవానికి ఆ సంఘటన దక్కదు. కావున కొలతను సంఘటనకు ముందుకు జరుపుటకై నూటయేబది యేండ్లకు పైగా సాగిన ప్రయత్నమే ఈ విషయముయొక్క చరిత్ర అని చెప్పవచ్చును.

1838లో లూయీ డగేర్ పారిస్‌నందలి బూలెవార్ దు తాంప్ల్ వీధిని ఒక యెత్తయిన కిటికీనుండి చిత్రించెను. ఆనాటి వెండిరేకు బహు మందశక్తి కలది. దానికి కొన్ని నిమిషములపాటు కాంతి సోకవలసివచ్చెను. ఆ వ్యవధిలో వీధివెంట సాగిపోయిన బండ్లును, గుఱ్ఱములును, పాదచారులును రేకుపై జాడయైనను మిగుల్చక మాయమైపోగా, చెప్పులకు మెరుగుపెట్టించుకొనుచు ఒకచోట నిలిచిపోయిన ఒక మనుజుని రూపము మాత్రము చిత్రమున నిలిచినది. మనుష్యరూపము స్పష్టముగా కానవచ్చు తొలి ఛాయాచిత్రములలో ఇది యొకటిగా గణింపబడుచున్నది. జనసమ్మర్దమైన వీధి నిర్జనముగా కనబడుటకు కారణము కేవలము షట్టరు కాలదైర్ఘ్యమే. వీధి ఛాయాగ్రహణమున ఎక్స్‌పోజరు ఎవరు కానవత్తురో, ఎవరు కానరారో కూడ నిర్ణయించునని ఆ తొలిచిత్రమే తెలుపుచున్నది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతి కాలవ్యవధిని సెకనులకు తగ్గించెను గాని, గాజుపలకకు రసాయనము పూసి, అది ఆరకమునుపే చిత్రించి, అచ్చటనే కడుగవలసియుండుటచే వీధిసంచారమునకు అనుకూలింపలేదు. 1871లో రిచర్డ్ మాడాక్స్ సూచించిన జెలటిన్ పొడిపలకలు పిమ్మట కొలదికాలములోనే మెరుగుపడి, సెకనులో అల్పభాగమున చిత్రించుటను సాధ్యము కావించినవి. మన సికింద్రాబాదున చిత్రశాల స్థాపించి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై విఖ్యాతిగాంచిన రాజా దీన్‌దయాళ్ ఈ గాజుపలకల యుగమునకు చెందినవాడే.

వ్యవధి నిమిషములలో ఉన్నంతకాలము కొంత హెచ్చుతగ్గులు వాటిల్లినను పలక సహించెడిది; సెకనులో ఇరువదియవ వంతున చిత్రించునపుడు అంచనా తప్పినచో సవరించుకొను వీలు లేదు. ఈ యవసరమునుండి కొలతలశాస్త్రము పుట్టినది. ఇంగ్లండులో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అను ఇరువురు మిత్రులు, వృత్తిచే పారిశ్రామిక రంగమునకు చెందినవారైనను, పలకపై పడిన కాంతికిని, ఏర్పడిన నలుపునకును గల సంబంధమును గణితరీత్యా నిరూపించి 1890లో ప్రకటించిరి. వారు 1888లో హక్కులు పొందిన ఆక్టినోగ్రాఫ్ అను సాధనము తేదీ, దినములోని గంట, అక్షాంశము అనువానినిబట్టి సూర్యకాంతి బలమును ముందే లెక్కించి తెలుపునట్టి జారుడు కొలబద్ద. కాంతిని చూడకయే కాంతిని తెలుపు ఆ సాధనమున వీధి ఛాయాగ్రాహకునికి మిగుల ఉపయోగకరమైన ఒక సత్యము దాగియున్నది: పగటివెలుగు ఒక నియమమునకు లోబడునది, దానిని ముందుగా తెలిసికొనవచ్చును.

హెరెఫర్డ్ పట్టణవాసియైన ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్స్ మరియొక మార్గమును త్రొక్కెను. జేబుగడియారము వంటి చిన్న పెట్టెలో కాంతికి నల్లబడు కాగితపు బిళ్ల నొకదానిని అమర్చి, దాని ప్రక్కనే స్థిరమైన రంగు నొకదానిని ఉంచి, కాగితము ఆ రంగునకు వచ్చుటకు పట్టిన సెకనులను లెక్కించి, ఆ సంఖ్యను చుట్టునున్న చక్రములపై త్రిప్పుకొనినచో ఎపర్చరును, వ్యవధియును తెలియుచుండెను. అది వస్తువును గాక, వస్తువుపై పడుచున్న వెలుగును కొలిచెడి సాధనము. మబ్బునాడు కాగితము నల్లబడుటకు చాలసేపు పట్టుచుండెను గనుక వీధికి వెళ్లకమునుపే కొలిచికొనుట తప్పనిసరియై, ఆ నిర్బంధమే మంచి అలవాటును నేర్పినది.

1890 దశకముననే లండనులో పాల్ మార్టిన్ చేతిసంచివలె కానవచ్చు కెమెరాను చంకనిడుకొని వీధులలోని వర్తకులను, కూలీలను, బిడ్డలను వారెరుగకుండ చిత్రించెను. న్యూయార్కున ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1893 ఫిబ్రవరిలో మంచుతుఫానులో మూడుగంటలపాటు నిలిచి ఫిఫ్త్ ఎవెన్యూపై గుఱ్ఱపుబండిని చిత్రించెను. అంతటి తెల్లనితనమున చేతికెమెరాతో ఫలితము సాధింపవచ్చునని అప్పుడు నమ్మినవారు తక్కువ.

జర్మనీలోని వెట్‌జ్లార్ పట్టణమున ఆస్కార్ బార్నాక్ చలనచిత్రపు ఫిల్మును అడ్డముగా నడిపించి 24×36 మిల్లీమీటర్ల చట్రములను పొందు చిన్న కెమెరాను 1914 ప్రాంతమున నిర్మించెను. అది లైకా అను పేర 1925లో లైప్‌జిగ్ వసంతప్రదర్శనమున వెలువడినది. దాని షట్టరు సెకనులో 20వ వంతునుండి 500వ వంతువరకు పనిచేయుచుండెను. అందు వెలుగును కొలుచు లైటుమీటరు లేదు. ఎపర్చరు వలయము లెన్సుపైనను, షట్టరు చక్రము కెమెరా పైభాగమునను ఉండుటచే కెమెరాను కంటికెత్తకయే, నడచుచునే, రెంటిని మార్చుకొన వీలయ్యెను. ఈ సౌకర్యము మిగుల సామాన్యముగ తోచవచ్చును గాని, వీధి ఛాయాగ్రహణశైలి రూపొందుటకు ఇంతకంటె దోహదము చేసిన యంత్రగుణము మరియొకటి లేదని ఈ వ్యాసకర్త విశ్వాసము.

ఆన్రీ కార్తియే బ్రెసోన్ 1932లో లైకాను చేపట్టెను. ఆతడు 50 మిల్లీమీటర్ల లెన్సునే ప్రధానముగ వాడి, కృత్రిమదీపములను నిరాకరించి, వెలుగును ఎక్కువగా కంటితోనే అంచనా కట్టెడివాడు. ఆ సంవత్సరమే పారిస్‌లోని సాన్ లజార్ రైలునిలయము వెనుక నీటిగుంటపై దుముకుచున్న మనుజుని చిత్రించెను. ఆ చిత్రమును శ్రద్ధగా పరికించినవారికి ఆ మనుజుని ఆకారము కొంచెము చెదరియుండుటయు, చుట్టుపట్ల వస్తువులు నిలుకడగ ఉండుటయు కనబడును. షట్టరు ఇంకను వేగముగ నున్నచో ఆకారము శిలవలె గట్టిపడి ఉండెడిది. మిక్కిలి మందమైనచో పొగవలె కరగిపోయెడిది. చెదరుట దోషము కాదనియు, దానిని ఎంతవరకు అనుమతింపవలెనో ముందే యెరుగుట మాత్రము అవసరమనియు పిమ్మటివారు ఇట్టి చిత్రములవలన గ్రహించిరి. సమీపమున నడచువానిని స్పష్టముగ నిలుపుటకు 1/250 సెకను చాలుననియు, పరుగెత్తువానికి 1/500 కావలెననియు స్థూలనియమ మేర్పడినది.

ఎపర్చరు నిర్ణయము కేవలము కాంతికి సంబంధించినది కాదు. అది ఫోకసునకు కూడ సంబంధించినది. 35 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/8 (ఈ ఎఫ్ సంఖ్య పెరిగినకొలది ఎపర్చరు ఇరుకగును) వద్ద నిలిపి, మూడు మీటర్ల దూరమునకు ఫోకసు కట్టినచో, సుమారు రెండు మీటర్లనుండి ఏడు మీటర్లవరకు గల సమస్తమును తగుమాత్రము స్పష్టముగ వచ్చును. వీధికాలిబాటలో మనుష్యులు ఎదురుపడు దూరము ఇదియే. అందుచేతనే వీధి ఛాయాగ్రాహకులు ఎపర్చరును ముందు నిలిపి, పిమ్మట తక్కినవానిని సరిచూచుకొనుట ఆచారమైనది.

1932లో వెస్టన్ సంస్థ సెలీనియము ఘటముతో పనిచేయు విద్యుత్ లైటుమీటరును విక్రయమునకు తెచ్చెను. ముల్లు కదలి తక్షణమే సంఖ్య తెలుపు ఈ సాధనము వాట్కిన్స్ కాగితపుబిళ్లను మూలకు నెట్టినది గాని, ఒక నూతన భ్రాంతిని కూడ తెచ్చిపెట్టినది. ఇది వస్తువునుండి తిరిగివచ్చిన వెలుగును కొలుచును. చూచిన ప్రతివస్తువును మధ్యమమైన బూడిదరంగు గలదిగనే భావించును. తెల్లని పంచె, తెల్లని కండువా ధరించిన పెద్దమనిషి ఎదుట నిలిచినచో, అది వెలుగు హెచ్చుగా ఉన్నదని చెప్పి ఎక్స్‌పోజరును తగ్గించును. పంచె బూడిదరంగగును, ఆయన ముఖము మసకబారును. మరుక్షణమున నల్లని బురఖా ధరించిన స్త్రీ అచ్చటికే వచ్చినచో వెలుగు చాలదని తలచి పెంచును. వీధిలోని ఎండ ఈ రెండు క్షణములలో ఇసుమంతయు మారలేదు. స్వయంచాలక యంత్రములన్నియు నేటికిని ఏదోవిధముగ ఎదుర్కొనుచున్న చిక్కు ఇదియే. మాన్యువల్ పద్ధతి వీధిలో నేటికిని నిలిచియుండుటకు ప్రబలకారణమును ఇదియే. దీనికి పరిష్కారముగ కొందరు తమ అరచేతిని ఆ వెలుగులో ఉంచి కొలిచి, ఒక స్టాపు అధికముగ కాంతినిచ్చెడివారు. 1939–40లో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతి ఈ చిక్కునకు సమగ్రమైన సమాధానము గాని, దృశ్యములోని చిన్నభాగపు వెలుగునే కొలుచు స్పాటుమీటరుతోను, ముక్కాలిపీటతోను నెమ్మదిగ పనిచేయువారికే అది యథాతథముగ అనుకూలించును.

వీధిలో నిలిచినది అంతకంటె సరళమైన సూత్రము. ఫిల్ముపెట్టెలలో తయారీదారులుంచు చిన్నకాగితముపై ముద్రితమై, ఛాయాగ్రాహకుల నోట స్థిరపడిన ఆ సూత్రమిది: నిర్మలమైన ఎండలో ఎఫ్/16 ఉంచి, షట్టరును ఫిల్ము సంఖ్యకు సమీపమైన భిన్నముగ నిలుపవలెను. భాగ్యనగరమున పత్తర్‌గట్టి వీధిలో మధ్యాహ్నము మూడుగంటల వేళ 400 శక్తిగల ఫిల్ముతో నడచువాని విషయము చూడుడు. తూర్పువైపు దుకాణముల రాతికమానులపై పడమటి ఎండ నేరుగ పడును. అచ్చట ఎఫ్/16, 1/500 చాలును. ఎదుటివైపు కట్టడముల నీడ రోడ్డుపై పరచియుండును. అచ్చట వెలుగు మూడు స్టాపులు తక్కువ గనుక ఎఫ్/8, 1/250 కావలెను. కమానుల లోపలికి పోయినచో మరి రెండు స్టాపులు తగ్గి ఎఫ్/5.6, 1/125కు దిగవలెను. ఈ మూడు అమరికలను మనస్సునందుంచుకొని, ఎండనుండి నీడకు అడుగిడునపుడే వ్రేలితో వలయమును త్రిప్పుకొనువానికి ఆ వీధి అంతయు ముందే కొలువబడియున్నది.

ఎండయే లేని రాత్రివేళ ఇదే తర్కమును వీజీ అను మారుపేరుగల ఆర్థర్ ఫెలిగ్ న్యూయార్కున 1930, 40 దశకములలో అనుసరించెను. ఆతని స్పీడ్ గ్రాఫిక్ కెమెరా ఎఫ్/16, 1/200, పది అడుగుల దూరమున సర్వదా నిలిచియుండెడిది. వెలుగును ఫ్లాష్‌బల్బు ఇచ్చెడిది. ఆతడు మార్చుకొనవలసినది తాను నిలుచు చోటునే.

1954లో కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము 35 మిల్లీమీటర్ల రూపమున వెలువడినది. మొదట దానిని 200గ నిర్ణయించిరి. 1960లో అమెరికా ప్రమాణసంస్థ లెక్కలోని రక్షణభాగమును తొలగించుటచే అదియే 400 అయినది. పూర్వము ఆ రక్షణభాగము నిరంతరము అధికకాంతి నిచ్చెడిదన్నమాట. నలుపుతెలుపు నెగెటివు ఫిల్ము ఒకటి రెండు స్టాపుల అధికకాంతిని సహించును. నీడలకు తగినంత వెలుగిచ్చిన చాలునను నమ్మకముతో గ్యారీ వినోగ్రాండ్ వంటివారు అసంఖ్యాకముగ చిత్రించిరి. 1984లో ఆయన మరణించునాటికి కడుగని ఫిల్ముచుట్టలే సుమారు 2,500 మిగిలినవి.

రంగుల స్లైడు ఫిల్ము ఇంతటి ఔదార్యము చూపలేదు. 1935లో వెలువడిన కొడాక్రోమ్ మందశక్తి గలది. అందు అర్ధస్టాపు పొరపాటైనను కన్నులకు తెలియును, అధికకాంతి సోకిన భాగము తిరిగిరాని తెలుపగును. అందుచే నెగెటివుల నీతి తలక్రిందులై, వెలుగులను కాపాడి నీడలను వాని మానాన విడుచుట నియమమైనది. భారతదేశపు వీధులను రంగులలో చిత్రించిన రఘుబీర్ సింగ్ (1942–1999) ఈ ఫిల్మునే ఆశ్రయించెను. అమెరికావాడైన అలెక్స్ వెబ్ ఉష్ణమండలపు ఎండను లెక్కకు తీసికొని నీడలను కారునలుపుగ విడిచి, ఆ నలుపునే చిత్రనిర్మాణమునకు ఆధారము చేసికొనెను. ఎక్స్‌పోజరు నిర్ణయము సాంకేతికవిషయపు హద్దు దాటి సౌందర్యనిర్ణయమైనదనుటకు ఈతని చిత్రములకంటె మేలైన నిదర్శనము చూపుట కష్టము.

స్వయంచాలక ఎక్స్‌పోజరు 1938లోనే కొడాక్ సూపర్ సిక్స్-20 కెమెరాతో ఆరంభమైనది. 1963లో టాప్‌కాన్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ కెమెరాలు లెన్సుద్వారా వచ్చు వెలుగునే కొలుచు పద్ధతిని తెచ్చినవి. యంత్రనిర్ణయమును ఆశ్రయించినవారందరు తక్కువవారనుట అన్యాయము. జపానుకు చెందిన దాయిదో మోరియామా చిన్న ఆటోమేటిక్ కెమెరాలతోనే మహత్తరమైన కృషి చేసెను. అయినను లైకా సంస్థ 2014లో సైతము లైటుమీటరు లేని ఎం-ఎ కెమెరాను విడుదల చేసినదన్నచో, ఆ పాతవిద్యకు ఇంకను ఆదరణ కలదని తెలియుచున్నది.

డిజిటల్ సెన్సారు వెలుగుల విషయమున స్లైడు ఫిల్మునకు వారసురాలు. ఒక హద్దు దాటిన వెలుగు అందు శాశ్వతముగ నశించును. నీడలనుండి మాత్రము ఆశ్చర్యకరమైనంత వివరమును తిరిగి రాబట్టవచ్చును. ఐ.ఎస్.ఓ. సంఖ్యను ప్రతిచిత్రమునకు మార్చుకొను వీలు కలుగుటచే, షట్టరును, ఎపర్చరును మానవుడు నిలిపి, ఐ.ఎస్.ఓ.ను మాత్రము యంత్రమునకు విడుచు మిశ్రపద్ధతి నేడు బహుళముగ వ్యాపించినది. చలనమును, ఫోకసు లోతును తన చేతనుంచుకొనునట్టి ఈ పద్ధతి వీధికి మిక్కిలి తగినదే గాని, తెల్లపంచె, నల్లబురఖా చిక్కు అందును తొలగలేదు. ఎండ నిలుకడగ ఉన్న పగటివేళ ఐ.ఎస్.ఓ.ను కూడ స్వయముగ నిలుపుటయే ఉత్తమము.

ఈ విద్యను అభ్యసింపగోరు పాఠకులు మొదట లైటుమీటరును నమ్మకయు, తిరస్కరింపకయు, తమ ఊరి వీధిలోనే ఎండను, పలుచని నీడను, అరుగులోపలి మసకను చూచి ఎపర్చరును, షట్టరును ముందుగ నోట పలికి, పిమ్మట మీటరుతో సరిచూచుకొనవలెను. అంచనాకును కొలతకును నడుమ తేడా ఒక స్టాపునకు లోబడినపుడు మీటరును ఇంట ఉంచి బయలుదేరవచ్చును.