రోడ్డు పాడైందని ఎవరు చెప్పాలి?

కృత్రిమ మేధ రోడ్ల మీద గుంతల్ని పట్టేస్తుందని వార్తలు వస్తుంటాయి. కారు అద్దానికి ఫోను తగిలించి ఊరంతా తిప్పితే చాలు, ఎక్కడ పగుళ్ళున్నాయో ఎక్కడ గుంతలున్నాయో మ్యాపు మీద చుక్కలు పడిపోతాయంటారు. అందులో అబద్ధమేం లేదు. కాకపోతే ఆ వార్తల్లో కనబడేదల్లా మోడలు పేరూ, దాని ఖచ్చితత్వమూ. నా మటుకు నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. అసలు 'పాడైన రోడ్డు' అంటే ఏమిటో నాలుగు దేశాలవాళ్ళు కూర్చుని ఒక మాటకి రావడం. ఆ కథ ఈ నాలుగైదేళ్ళలో మొదలైంది కాదు.

1958లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర (కెనడా రాజధాని కాదు, అదే పేరున్న చిన్న ఊరు) పనిగట్టుకుని రోడ్లు వేసి, రెండేళ్ళ పాటు సైనికుల చేత వాటి మీద లారీలు నడిపించారు. దీన్ని ఆషో రోడ్ టెస్ట్ అంటారు. ఎంత మందం రోడ్డు ఎంత బరువుకి ఎప్పుడు పాడవుతుందో తేల్చడం వాళ్ళ పని. మరి పాడైందని ఎప్పుడు అనాలి? దానికి కొంతమందిని కార్లలో రోడ్ల మీద తిప్పి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యమన్నారు. అవే రోడ్ల ఎగుడుదిగుళ్ళు, పగుళ్ళు, అతుకులు విడిగా కొలిచారు. ఈ మార్కులకీ ఆ కొలతలకీ మధ్య ఒక రిగ్రెషన్ సమీకరణం కట్టారు. మనుషులిచ్చిన లేబుళ్ళు, యంత్రాలిచ్చిన ఫీచర్లు, మధ్యలో రిగ్రెషన్! ఇవాళ ఏ ఆన్‌లైన్ కోర్సులో చేరినా మొదటి వారం చెప్పే పాఠం ఇదే కదా. దీని పత్రం 1960లోనే వచ్చేసింది. అందులో మార్కులు వేసినవాళ్ళు అమెరికా వాళ్ళు, తిరిగినవి అమెరికా కార్లు. అంటే ఆ సమీకరణం అమెరికా నడుముల అభిప్రాయం :-)

తర్వాత రంగంలోకి వచ్చింది ప్రపంచ బ్యాంకు. రోడ్లకి అప్పులిచ్చేవాడికి ఒక లెక్క కావాలి. ఇప్పుడు బాగుచేస్తే ఎంత, వదిలేస్తే బళ్ళ టైర్లకీ డీజిలుకీ జనం పెట్టే ఖర్చు ఎంత. దీనికోసం 1970లలో మొదలుపెట్టి కెన్యా, కరీబియన్ దీవులు, బ్రెజిల్, మన దేశం - ఇన్నిచోట్ల పెద్ద పెద్ద అధ్యయనాలు జరిగాయి. మన దగ్గర ఆ పని చేసింది ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ. తీరా అన్నీ పక్కపక్కన పెట్టేసరికి ఒక చిక్కొచ్చింది. ఒక్కో దేశం గతుకుల్ని ఒక్కో పరికరంతో కొలిచింది. చాలా పరికరాలు బండి ఎంత ఊగిందో లెక్కపెట్టేవే. బండి స్ప్రింగులు మారితే అంకె మారుతుంది, టైర్లో గాలి తగ్గితే మారుతుంది, అదే బండి పాతబడినా మారుతుంది. 'నా సిస్టంలో బానే నడుస్తోందే' అని మనం రోజూ వినే మాట అప్పుడు రోడ్ల ఇంజనీర్లు వింటున్నారన్నమాట.

ఆ చిక్కు విప్పడానికే 1982లో బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో ఒక ప్రయోగం పెట్టారు. బ్రెజిల్, బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, బెల్జియం బృందాలు ఎవరి పరికరాలు వాళ్ళు తెచ్చుకున్నాయి. 49 రోడ్డు ముక్కలు ఎంచుకున్నారు. 13 తారు కాంక్రీటువి, 12 పైపూత వేసినవి, 12 కంకరవి, 12 మట్టివి. అందరూ అవే ముక్కల మీద తమ తమ బళ్ళు తిప్పారు. అప్పుడొచ్చిన పరిష్కారం నాకు భలే నచ్చుతుంది. ఎవరి పరికరాన్నీ ప్రామాణికం అనలేదు. ప్రపంచంలో ఎక్కడా లేని ఒక కారుని లెక్కల్లో తయారు చేశారు. పూర్తి కారు కూడా కాదు, పావు కారు - ఒక చక్రం, ఒక స్ప్రింగు, ఒక డాంపరు, పైన కొంత బరువు. ఏ రోడ్డయినా సరే, దాని ఎత్తుపల్లాలు కొలిచి, ఈ లేని కారు దాని మీద గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతే ఎంత ఊగుతుందో లెక్కగట్టాలి. దీన్ని ముద్దుగా బంగారు కారు అంటారు. అదెప్పటికీ పాతబడదు. అలా వచ్చిందే అంతర్జాతీయ గతుకుల సూచిక, ఐ.ఆర్.ఐ. 1986లో ప్రపంచ బ్యాంకు దాని మార్గదర్శకాలు అచ్చేసింది. మన దేశంలో బండి వెనక కట్టి గంటకి 32 కిలోమీటర్లతో లాగే ఒంటి చక్రం బంప్ ఇంటిగ్రేటరు అంకెల్ని ఈ సూచికలోకి మార్చుకునే సూత్రం కూడా ఉంది.

అయితే ఐ.ఆర్.ఐ.కి కళ్ళు లేవు. గతుకుంటే తెలుస్తుంది కానీ, పగులు తెలీదు. పగులులోంచి నీళ్ళు దిగి రేపు గుంత అవుతుందనే సంగతి అసలే తెలీదు. దానికి మనిషి నడుచుకుంటూ పోయి చూడాల్సిందే.

ఈ మనుషుల కొరత ముందుగా గట్టిగా తగిలిన దేశాల్లో జపాన్ ఒకటి. 2012 డిసెంబరు 2న ససాగో సొరంగంలో పైకప్పు పలకలు కూలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత వంతెనల్ని, సొరంగాల్ని ఐదేళ్ళకోసారి దగ్గరుండి కళ్ళతో చూసి తీరాలని నియమం వచ్చింది. రోడ్లు అంతకన్నా చాలా ఎక్కువ, చిన్న మునిసిపాలిటీల దగ్గర నిపుణులూ లేరు, డబ్బూ లేదు. 2018లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడు మునిసిపాలిటీల్లో కారుకి స్మార్ట్‌ఫోను తగిలించి సెకనుకో ఫోటో తీయించారు. గంటకి 40 కిలోమీటర్లలో పోతే సెకనుకి పది మీటర్ల పైచిలుకు, రోడ్డు ముక్క వదలకుండా వస్తుంది. 1,63,664 ఫోటోల్లోంచి 9,053 ఏరి, 15,435 దెబ్బల చుట్టూ చేత్తో డబ్బాలు గీశారు. ఆ డబ్బాలకి పెట్టిన పేర్లు - డి00, డి10, డి20 వగైరా - జపాన్ రోడ్ల మరమ్మతు పుస్తకాన్ని బట్టి పెట్టినవి. మొత్తం ఎనిమిది రకాలు. అందులో జీబ్రా క్రాసింగు వెలిసిపోవడం ఒకటి, తెల్లగీత వెలిసిపోవడం ఇంకొకటి.

తర్వాత ఐఐటీ రూర్కీ పరిశోధకులు టోక్యోతో చేతులు కలిపారు. చెక్ రిపబ్లిక్ కూడా చేరింది. జపాన్ ఫోటోల మీద నేర్చుకున్న మోడలుని తెచ్చి నేరుగా ఇక్కడి రోడ్ల మీద వదిలితే తడబడింది, స్థానిక ఫోటోలు కలిపితే మెరుగైంది. ఇది మనందరం ఊహించేదే. ఊహించనిది లేబుళ్ళ దగ్గర జరిగింది. తెల్లగీత వెలిసిపోవడాన్ని ఉమ్మడి జాబితాలోంచి తీసేశారు, గీతల ప్రమాణాలు దేశానికో రకంగా ఉన్నాయని. (అసలు గీతే వెయ్యని రోడ్డుని ఏ కోడులో రాయాలి మరి?) చివరికి నాలుగు మిగిలాయి: నిలువు పగులు, అడ్డం పగులు, మొసలి చర్మం లాంటి పగుళ్ళు, గుంత. కోడ్లు మాత్రం డి00, డి10, డి20, డి40. మధ్యలో ఖాళీలు చూస్తే చాలు, పాత ప్రాజెక్టులో ఎవరో తీసేసిన స్టేటస్ కోడ్లు గుర్తొస్తాయి.

2020లో 26,336 ఫోటోలతో పోటీ పెడితే 121 టీములు పేరిచ్చాయి. గెలిచినవాళ్ళు యోలో మోడళ్ళని గుంపుగా కలిపారు. ఎఫ్1 స్కోరు 0.67. ఇదేం గొప్ప అంకె కాదు. కానీ ఒక పొడుగాటి పగులుని ఒకే డబ్బాలో పెట్టాలా మూడు ముక్కలు చెయ్యాలా అన్నదాని మీద ఇద్దరు ఇంజనీర్లకే కుదరదు. మోడలుని తిట్టి లాభం లేదు. 2022కి నార్వే, అమెరికా, చైనా చేరి ఆరు దేశాలు, 47,420 ఫోటోలు అయ్యాయి. చైనా ఫోటోల్లో కొన్ని డ్రోన్లతో తీసినవి, అమెరికావి గూగుల్ స్ట్రీట్ వ్యూలోంచి తెచ్చినవి. బ్రసీలియాలో ఒక్కొక్కరూ ఒక్కో పరికరం తెచ్చినట్టే. తేడా ఏంటంటే ఈసారి బంగారు కెమెరా ఎవరూ తయారు చెయ్యలేదు. అన్నీ కలిపి పోసి, నేర్చుకో నాయనా అన్నారు. ఇది ఇంజనీరింగు పద్ధతిగా 1982 కన్నా ఒక మెట్టు కిందేనని నా అభిప్రాయం.

దేశం పేర్లు కూడా పైపైవే. 2020 నాటి చెక్ ఫోటోల్లో కొన్ని బ్రాటిస్లావావి, అది స్లొవేకియా రాజధాని. భారత్ అని రాసున్నవి ప్రధానంగా ఢిల్లీ, గురుగ్రామ్, హర్యానా రోడ్లు. మన కర్నూలు వైపు నల్లరేగడి మీద వేసిన రోడ్డు వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంగుతుంది. ఒక్కోచోట పైన పగులూ ఉండదు, గుంతా ఉండదు. బస్సు మాత్రం పడవలా ఊగుతుంది. 1982 నాటి బంగారు కారుకి అది చక్కగా తెలుస్తుంది. ఆ నాలుగు కోడ్లలో దానికి నంబరు లేదు.