షూహార్టు గీచిన గీతలు

సంతలో కుండ కొనువాడు దానిని వ్రేలితో తట్టి చూచును. ఖంగున మ్రోగినచో కొనును. లేనిచో ప్రక్కన పెట్టును. కొనువానికి ఈ పరీక్ష చాలును, కుమ్మరికి చాలదు. ఆవములో పది కుండలు పగిలినచో, ఆ దోషము మంటదా, మట్టిదా, లేక ఎప్పుడును ఉండెడి కొద్దిపాటి నష్టమేనా? తట్టి చూచినంత మాత్రమున ఈ సంగతి తెలియదు. పెద్ద కర్మాగారములను సైతము ఈ చిక్కే చిరకాలము బాధించినది.

అమెరికాలో షికాగో నగరమునకు చేరువన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథార్న్ కర్మాగారము ఉండెడిది. బెల్ సంస్థకు టెలిఫోను పరికరములు చేసియిచ్చుట దాని పని. వానిలో కొన్నింటిని భూమిలో పాతిపెట్టవలసి యుండెను. పాతిన పరికరము చెడినచో మరల త్రవ్వుట కెంత ఖర్చగునో చెప్ప నక్కరలేదు. అందుచేత అచ్చట తనిఖీ చేయువారే వేలమంది ఉండిరి. కాని తనిఖీ చెడ్డ వస్తువును ఏరివేయునే గాని మంచి వస్తువును పుట్టించలేదు గదా!

1918లో ఈ సంస్థలో చేరిన వాల్టర్ షూహార్టు (1891–1967) భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవాడు. 1924 మే 16వ తేదీన అతడు తన పైయధికారికి ఒక పుట లేఖ వ్రాసెను. అందులో సుమారు మూడవవంతు ఒక పటమే. చెడిన వస్తువుల శాతములో కనబడు హెచ్చుతగ్గులలో ఏది లెక్కించదగినది, ఏది కాదు అని తేల్చుటయే దాని ఉద్దేశము.

మా ప్రయోగశాలలో విద్యార్థులు లోలకము 20 డోలనములకు పట్టు కాలమును కొలతురు. ఒకే చేతితో, ఒకే గడియారముతో కొలిచినను రెండుసార్లు ఒకే అంకె రాదు. అది ఎవరి తప్పును కాదు. యంత్రముల సంగతియు ఇంతే. ఒక యంత్రము చేసిన స్ప్రింగులలో రోజునకు 400 పరీక్షించగా సగటున 20 చెడ్డవని తేలిన దనుకొందము. 400ను 0.05తోను, 0.95తోను గుణించిన 19 వచ్చును. దాని వర్గమూలము 4.36, దానికి మూడింతలు సుమారు 13. సగటు వద్ద ఒక గీత, దానికి పైన 33 వద్ద, క్రింద 7 వద్ద చెరియొక గీత గీయవలెను. యంత్రము మారకున్నచో ఈ గీతలు దాటుట వెయ్యింట సుమారు మూడుసార్లు మాత్రమే జరుగును. మూడింతలనుటకు షూహార్టు అనుభవమును, ఖర్చును ఆధారము చేసికొనెను.

ఒకనాడు 26 చెడిన వనుకొనుడు. మేస్త్రీ కంగారుపడి యంత్రమును సవరించును. మరునాడు 15కు తగ్గగా మరల వెనుకకు త్రిప్పును. ఈ త్రిప్పుటవలననే హెచ్చుతగ్గులు పెరుగును. అంతకన్న అన్యాయమేమన, 26 వచ్చిన దినమున పనివానికి జుల్మానా విధింతురు. అతడు చేసినది ఏమియు లేదు. 34 వచ్చినచో మాత్రము యంత్రమును ఆపి కారణమును వెదకవలెను.

ఉత్పత్తి ప్రణాళిక వేయువానికి గూడ ఈ పటమే దిక్కు. 1,000 మంచి స్ప్రింగులు ఈయవలసియున్నది. నష్టము నిలకడగా నూటికి 5 అయినచో సగటున 1,053 మొదలుపెట్టిన చాలును. అది 1 నుండి 12 వరకు ఊగుచున్నచో, భయముచేత ప్రతిసారియు 1,137 మొదలుపెట్టవలెను. నష్టము 1 శాతమే అయిన దినమున 125 స్ప్రింగులు అదనముగా మిగులును. లోహము, కూలి, కాలము గిడ్డంగిలో పడియుండును. గడువు తేదీని చెప్పగల ధైర్యము నిలకడనుండి వచ్చును. సగటు ఎంత మంచిదైనను అది ఊగులాడుచున్నచో ఆ ధైర్యము రాదు.

షూహార్టు 1931లో తన పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. అతని భావములను ఎడ్వర్డ్స్ డెమింగు 1950లో జపాను ఇంజనీర్లకు బోధించెను. జపాను కథ లోకమంతయు ఎరుగును గాని, అంతకు ముందే, 1947–48లో, షూహార్టు స్వయముగా భారతదేశమునకు వచ్చెనని మనలో ఎందరికి తెలియును? ఆచార్య మహలనోబిస్ నడిపిన కలకత్తాలోని భారత గణాంక సంస్థ అతనిని రప్పించెను. పిమ్మట ఆ సంస్థ దేశమున పలుచోట్ల నాణ్యతా నియంత్రణ శాఖలను నెలకొల్పెను. వానిలో ఒకటి మన హైదరాబాదున నున్నది.