మీటల వెనుకటి కథ



మా యాడికి ప్రాంతమున వేరుసెనగ చేలు దున్నెడివా రెల్ల నెఱిగిన విషయ మొకటి కలదు. దాపట నడచుటకు మరగిన యెద్దును వలపటఁ గట్టినచో, బలముతోనే లాగును గాని చాలు తప్పును. ఇటీవల నా వ్రేళ్లకుఁ బట్టిన గతియు నట్టిదే.

విండోసు కంప్యూటరుపై వ్రాయుట నా కనేక వత్సరముల యలవాటు. మా ప్రాంతపు చెఱువుల పేర్లను, వాని క్రింది యాయకట్టు వివరములను అందులోనే కూర్చుచుంటిని. మా కుమారుఁడు తాను వాడిన మాకింటోషు యంత్రమును నాకుఁ బంపెను. వ్రాసినదంతయు ఒక్కమాఱుగా నెన్నుకొనుటకు, పూర్వాభ్యాసమునుబట్టి, కంట్రోలు మీటతో ‘ఎ’ అను మీటను నొక్కితిని. ఏదియు నెన్నిక కాలేదు. వ్రాతగుర్తు పేరా మొదటికి దుమికెను. యంత్రము చెడిన దనుకొని తిరిగి పంపివేయ నిశ్చయించితిని.

“నాయనా! కంట్రోలు గాదు, కమాండు” అని మావాఁడు ఫోనులోఁ జెప్పెను. ఏల యని యడిగితిని. “అదంతే” అనెను. బడిలో బాలు రేల యని యడిగినప్పుడు నేనును అనేక పర్యాయము లిట్లే పలికితిని. ఆ మాట యెంత యసంతృప్తికరమో ఆనాఁడు తెలిసినది. కారణమును వెదకఁ బూనితిని.

1970 దశాబ్ది మధ్యమున అమెరికాలోని జిరాక్సు పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు ‘జిప్సీ’ యను వ్రాతపరికరమును నిర్మించిరి. వ్రాఁతను కత్తిరించి వేఱొక చోట నతికించు పద్ధతి అందు రూపు దాల్చెను. టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థఁ జేరెను. 1983లో వెలువడిన లీసా యంత్రమున నాలుగక్షరము లీ పనులకు స్థిరపడెను. ‘ఎక్స్’ కొట్టివేఁతగుర్తు. ‘సి’ కాపీ యను మాటకు మొదటి యక్షరము. ‘వి’ తలక్రిందైన చేర్పుగుర్తు. అనఁగా మన లేఖకుల హంసపాదము! చేసినదానిని రద్దు చేయు ‘జెడ్’ వాని ప్రక్కనే యున్నది. నాలుగును ఎడమచేతి క్రింద వరుసగా నుండును.

1984లో వచ్చిన మాకింటోషున ఈ యక్షరములకుఁ దోడు కమాండు మీట. దానిపై నాలుగు మూలల ముడులు గల చతురస్రమును సూసన్ కేర్ అను చిత్రకారిణి యెన్నుకొనెను. స్వీడనులో అది దర్శనీయస్థలములను దెలుపు చిహ్నము. 1992లో విండోసు 3.1 ఆ నాలుగక్షరములనే గైకొని కంట్రోలుతో జతపఱచెను. కావున అక్షరములు మాఱలేదు. కాఁడిలో పక్కమాత్రమే మాఱినది.

మఱి నే నొక్కిన కంట్రోలు ఏల పేరా మొదటికిఁ బోయెను? అది మూఁడవ సంప్రదాయము. 1976లో పుట్టిన ఈమాక్స్ అను వ్రాతపరికరమున కంట్రోలుతోఁ గూడిన ‘ఎ’ పంక్తి మొదటికిఁ గొనిపోవును. నెక్స్ట్ సంస్థ యంత్రముల ద్వారా ఆ యాచారము ఆపిలునకు సంక్రమించెను. 1996లో నెక్స్ట్‌ను కొన నిశ్చయించిన ఆపిల్, 2001లో వెలువరించిన క్రొత్త వ్యవస్థలో దానిని నిలిపెను. నేను దోషమనుకొన్నది ఒక ప్రాఁత మర్యాద!

ఇది తెలిసిన పిమ్మట నెలదినములలో చిటికెనవ్రేలి పని బొటనవ్రేలికి వచ్చినది. చెఱువుల పట్టిక మరల సాగుచున్నది. వల్లె వేసినది వ్రేలిలో నుండును. కారణ మెఱిగినది బుద్ధిలో నుండి, వ్రేలు తప్పినప్పుడు దానిని దిద్దును. నాఁడు నాచే “అదంతే” యనిపించుకొన్న శిష్యు లెవరైన వినుచున్నచో, వారి ప్రశ్న సరియైనదే యని యీ వృద్ధుఁ డాలస్యముగా నొప్పుకొనుచున్నాఁడు.