ఆటల పీరియడు నుంచి మినహాయింపు

ఉద్యోగ జీవితంలో నేను సంతకం చేసిన ధ్రువపత్రాలలో ఒక రకాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ విద్యార్థిని వ్యాయామ తరగతి నుంచి మినహాయించవలసినదని రాసే పత్రం అది. పోలియో కాలితో వచ్చిన పిల్లవాడికీ, బుద్ధి మాంద్యం ఉన్నదన్న పిల్లకూ అడిగిన వెంటనే రాసి ఇచ్చాను. అది దయ అనుకున్నాను. కదలిక ఎవరికి ఎక్కువ అవసరమో వారికే దానిని నిషేధిస్తున్నానని ఆనాడు తోచలేదు. అయితే, మినహాయించక పంపితే ఆ పిల్లలకు నేర్పగలవారు ఆ బడిలో ఎవరున్నారు?

ఈ ప్రశ్నను అమెరికా మనకంటె ముందుగా ఎదుర్కొన్నది. వైకల్యానికి తగినట్లు ఆటను, పరికరాన్ని, నియమాన్ని మార్చి నేర్పే పద్ధతికి అక్కడ అడాప్టెడ్ ఫిజికల్ ఎడ్యుకేషన్ అని పేరు. దానికి అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుల జాతీయ సంఘం 1952లోనే నిర్వచనం ఇచ్చింది. 1959లో లారెన్స్ రారిక్, ఆయన సహ పరిశోధకుడు ఫ్రాన్సిస్ కలిసి ప్రచురించిన పరిశోధనలో మేధో వైకల్యం గల పిల్లలు శారీరక నైపుణ్యాలలో తోటివారికంటె రెండు నుంచి నాలుగేళ్లు వెనుకబడి ఉన్నట్లు తేలింది. ఆ వెనుకబాటులో వైకల్యం వాటా ఎంత, ఎవరూ ఆడనివ్వకపోవడం వాటా ఎంత అన్నది వైద్యుడు తప్పక అడగవలసిన ప్రశ్న.

ధనం వచ్చిన దారి మాత్రం ఒక కుటుంబ దుఃఖం మీదుగా సాగింది. అధ్యక్షుడు కెనడీ సోదరి రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండేది. 1941లో, 23 ఏళ్ల వయసులో, ఆమెకు మెదడుపై లోబాటమీ శస్త్రచికిత్స చేయించారు. అది ఆమె నడకను, మాటను కూడ హరించింది. మా వృత్తి తలవంచుకోవలసిన అధ్యాయాలలో అదొకటి. చెల్లెలు యూనిస్ కెనడీ శ్రైవర్ 1962లో తన ఇంటి ఆవరణలోనే ఇటువంటి పిల్లలకు ఆటల శిబిరం నడిపింది. 1968 జూలైలో షికాగోలో తొలి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి.

ఈ క్రీడలు లోకానికి తెలుసు. వాటికి ముందటి సంవత్సరం జరిగినది తెలిసినవారు తక్కువ. 1967లో 90-170 సంఖ్య గల చట్టం వైకల్యం ఉన్న పిల్లలకు వ్యాయామం, వినోదం నేర్పేవారి శిక్షణకూ, ఆ రంగంలో పరిశోధనకూ కేంద్ర నిధులను అనుమతించింది. విశ్వవిద్యాలయాలకు గ్రాంటులు అందాయి. డాక్టరేట్ చేసేవారి ఫీజు, ఉపకార వేతనం వాటి నుంచే చెల్లించే మార్గం ఏర్పడింది. 1975లో వికలాంగ బాలలందరికీ విద్యాహక్కు ఇచ్చిన 94-142 చట్టం వచ్చేనాటికి కొంతమంది గురువులు సిద్ధంగా ఉన్నారు. ఆ చట్టం ప్రత్యేక విద్యను నిర్వచిస్తూ పేరెత్తి చెప్పిన పాఠ్యవిషయం వ్యాయామ విద్య ఒక్కటే. నేర్పేవారి శిక్షణ ముందు, హక్కు తరువాత! మన దేశంలో తరచుగా ఈ వరుస తలకిందులుగా ఉంటుంది.

వ్యాయామం నేర్పడానికి డాక్టరేట్ ఎందుకని నవ్వేవారున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య బిగువు తక్కువ. అటువంటి పిల్లవాడి చేత పిల్లిమొగ్గ వేయిస్తే వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. అంతమాత్రాన అతనిని మూల కూర్చోబెట్టనక్కరలేదు, బంతి విసరవచ్చు, నడవవచ్చు. ఏది ఆపాలో, ఏది ఆపరాదో వేలాది ఉపాధ్యాయులకు నేర్పాలంటే, అది తెలిసిన గురువులు ముందుగా కళాశాలలలో ఉండాలి. టెక్సాస్ మహిళా విశ్వవిద్యాలయంలో క్లాడీన్ షెరిల్ అటువంటి గురువు. 1976లో వెలువడిన ఆమె పాఠ్యగ్రంథం పలు ముద్రణలు పొందింది.

తరువాతి కాలపు నియమం ఒకటి నాకు బాగా నచ్చింది. ఈ నిధులతో చదివినవారు, సహాయం పొందిన ఒక్కొక్క ఏడాదికి రెండేళ్ల చొప్పున ఆ రంగంలోనే పనిచేయాలి. లేకుంటే సొమ్ము తిరిగి చెల్లించాలి. ప్రభుత్వ ఖర్చుతో చదివి గ్రామీణ సేవను తప్పించుకోజూసే మా వైద్యులకు ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం గలవారి 400 మీటర్ల పరుగులో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి కాంస్యం గెలిచింది. ఆమె పరుగును బడి రోజులలోనే గుర్తించినది ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ వార్త చదివిన రోజున, నేను మినహాయించిన పిల్లలలో ఎవరి ముఖమైనా గుర్తుకు వస్తుందేమోనని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు.