మినీ తాగే ఆయిల్

మినీ కూపర్ ఎస్‌లో ఏ ఆయిల్ పొయ్యాలని అడిగేవాళ్లకు నేను ముందు గేర్‌బాక్స్ చూపిస్తాను. 1959లో వచ్చిన మినీలో జాగా కలిసిరావడానికి అలెక్ ఇసిగోనిస్ గేర్లను ఇంజన్ కిందే, సంప్‌లోనే ఇరికించాడు. బేరింగులకూ గేర్లకూ ఒకటే ఆయిల్. తిప్పలన్నీ అక్కడే మొదలు.

అమెరికాలో వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లోనే చిక్కదనాన్ని బట్టి ఆయిళ్లకు నంబర్లిచ్చింది. చలికాలపు ‘డబ్ల్యూ’ గ్రేడులు 1933లో వచ్చాయి. వేడిలో చిక్కదనం, చలిలో పారే గుణం, ఈ రెంటినీ ఒకే డబ్బాలోకి తెచ్చింది మల్టీగ్రేడ్. వేడెక్కినా ఆయిల్ మరీ పలచబడకుండా అందులోని పాలిమర్లు కాస్తాయి. మినీ గేర్ల పళ్లు ఆ పాలిమర్లనే నమిలేసేవి. వాడగా వాడగా 50 గ్రేడు కాస్తా 40లా పారేది. 10డబ్ల్యూ-50కి పాలిమర్ ఎక్కువ కావాలి, 20డబ్ల్యూ-50కి తక్కువ చాలు. అరవైల్లో బ్రిటన్ గ్యారేజీల్లో రెండోదానికి అంత గిరాకీ ఊరికే రాలేదు.

అంతకుముందు రేసు కార్లకు ఆముదం పోసేవాళ్లు, మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే. లోహాన్ని భలే పట్టుకుంటుంది గానీ, కాలితే జిగురు కడుతుంది. రోజువారీ బండికి దండగ.

ఇప్పటివాళ్లకు 0డబ్ల్యూ-30 సింథటిక్ మోజు. ఖరీదైనదే, కాదనను. కానీ 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 12.5 సెంటీస్టోక్స్ దాటదు. 50 గ్రేడుది 16.3కు తగ్గదు. మే నెల ట్రాఫిక్‌లో ఇంజన్ బాగా కాగాక, ఐడిలింగ్‌లో ప్రెషర్ ముల్లు 15 పౌండ్ల దగ్గర నిలవాలి. నిలవకపోతే ముందు బేరింగులు విప్పి చూడండి, తరవాతే ఆయిల్ మార్చండి.