ప్రీసింక్ట్ అంటే ఠాణానా, పోలింగ్ బూతా?

బ్రూక్లిన్ నైన్-నైన్ చూశారా? అందులో పోలీసులు మాటకు ముందు "ప్రీసింక్ట్" అంటుంటారు. ఓహో, పోలీస్ స్టేషన్ అన్నమాట అనుకుని మనం ముందుకెళ్లిపోతాం. సరే. కానీ అమెరికా ఎన్నికల రాత్రి న్యూస్ పెడితే అక్కడా ఇదే మాట. ఇన్ని శాతం ప్రీసింక్ట్‌ల లెక్కింపు అయిపోయింది అంటారు. స్టేషన్‌లో ఓట్లు లెక్కించడమేంట్రా బాబూ అనిపిస్తుంది. మనకైతే ఠాణా ఠాణానే, బూత్ బూతే. మరి వాళ్లకి ఈ రెండూ ఒకే మాటలోకి ఎలా వచ్చాయి?

ముందు మాట సంగతి చూద్దాం. దీని మూలం లాటిన్. చుట్టూ కట్టడం, నడుముకి బిగించడం అని అర్థం. మన మొలతాడు లాంటిది అనుకోండి. ఇంగ్లండ్‌లో పెద్ద చర్చి చుట్టూ ఉండే ఆవరణని ప్రీసింక్ట్ అనేవాళ్లు. అది సముద్రం దాటి అమెరికా వలస రాజ్యాలకి వెళ్లింది. నార్త్ కరొలైనాలో మొదట్లో జిల్లా లాంటి పాలనా ప్రాంతాల్నే ప్రీసింక్ట్‌లు అన్నారు, 1739లో వాటిని కౌంటీలుగా మార్చారు. అంటే అప్పటికి ఈ మాటకి పోలీసులతో సంబంధమే లేదు. గీత గీసిన ప్రాంతం, అంతే.

అసలు కథ న్యూయార్క్‌లో ఉంది. 1845లో అక్కడ రాత్రి కాపలావాళ్ల పాత పద్ధతి పోయి, జీతం తీసుకునే పోలీసు దళం వచ్చింది. నగరాన్ని ఎలా పంచారు? కొత్త గీతలేం గీయలేదు. ఎన్నికల కోసం అప్పటికే వార్డులున్నాయి కదా, ఆ వార్డునే పోలీసు గస్తీ ప్రాంతం చేసేశారు. పోలీసు ఉద్యోగం కావాలంటే ఆ వార్డులోనే ఉండాలి. పేరు సిఫారసు చేసేది ఎవరు? ఆ వార్డు ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్ లాంటాయన. నియమించేది మేయర్. మొదట్లో ఉద్యోగం ఒక్క ఏడాదికే. ఇప్పుడు ఆలోచించండి. వచ్చే ఏడాది కూడా ఉద్యోగం ఉండాలంటే, మీ వార్డులో ఎవరు గెలవాలని మీరు కోరుకుంటారు? ఆ గెలిపించే పని రోజు మీరు లాఠీ పట్టుకుని ఎక్కడ నిలబడతారు?

ఇది ముదిరి 1857లో బద్దలైంది. రాష్ట్ర శాసనసభ రిపబ్లికన్ల చేతిలో ఉంది, నగరం మేయర్ ఫెర్నాండో వుడ్ డెమోక్రాట్. నగర పోలీసుని రద్దు చేసి, రాష్ట్రం నియమించే బోర్డు కింద మెట్రోపాలిటన్ పోలీసుని పెడుతూ శాసనసభ చట్టం చేసింది. మేయర్ ఒప్పుకోలేదు. పాత దళంలో ఎక్కువమంది ఆయన వెంటే ఉండిపోయారు. దాంతో ఒకే ఊళ్లో రెండు పోలీసులు! జూన్ 16న మేయర్‌ని అరెస్టు చేయడానికి మెట్రోపాలిటన్లు సిటీ హాల్‌కి వెళ్తే, మెట్ల మీద పోలీసులూ పోలీసులూ కొట్టుకున్నారు. తలలు పగిలాయి. చివరికి సైనిక దళం వచ్చి సిటీ హాల్‌ని చుట్టుముడితే గానీ వుడ్ లొంగలేదు. ఒక దళం పట్టుకున్న దొంగని ఇంకో దళం వదిలేసిన రోజులవి. మనోళ్లు ఇది సినిమాగా తీస్తే అతి చేశారంటాం. జులైలో కోర్టు కొత్త చట్టం చెల్లుతుందని తేల్చాక మేయర్ తన దళాన్ని రద్దు చేశాడు.

మెట్రోపాలిటన్ల కాలంలో ఈ ప్రాంతాల్ని నంబర్లు వేసి ప్రీసింక్ట్‌లు అనడం స్థిరపడింది. అలాగని ఎన్నికలకీ పోలీసులకీ బంధం తెగిందా అంటే, లేదు. ఆ శతాబ్దం చివర్లో న్యూయార్క్‌లో పోలింగ్ ఏర్పాట్లు చూసింది కూడా పోలీసు శాఖే. 1895లో పోలీసు బోర్డు అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్, అదే ఆ తర్వాత దేశాధ్యక్షుడైనాయన, ఈ పని కూడా చూశాడు.

ఇంకో తిరకాసు. అమెరికా అంతా ఒకేలా ఉండదు. షికాగో, బోస్టన్ పోలీసులు "డిస్ట్రిక్ట్" అంటారు. న్యూయార్క్‌లో ఓటు ముక్కకి "ఎలక్షన్ డిస్ట్రిక్ట్" అని వేరే పేరు. టెక్సస్‌లో అయితే ప్రతి కౌంటీకి నాలుగు కమిషనర్ ప్రీసింక్ట్‌లు, అవి కాక కానిస్టేబుల్ ప్రీసింక్ట్‌లు, ఓటు ప్రీసింక్ట్‌లు, అన్నీ వేర్వేరు గీతలు. డాలస్ వైపు సిటిజన్‌షిప్ వచ్చిన మన తెలుగువాళ్ల ఓటరు కార్డు మీద ఉండే నంబర్ల గుంపు ఇదే. మీ అన్నో అక్కో అక్కడుంటే కార్డు చూపించమనండి.

పేరుదేముంది అంటారా? అరిజోనాలో ప్రీసింక్ట్ పద్ధతి ఉన్న కౌంటీల్లో మీది కాని ప్రీసింక్ట్‌లో ఓటేస్తే మొత్తం బ్యాలెట్ పక్కన పడేస్తారు. అధ్యక్షుడికి వేసిన ఓటు కూడా. అధ్యక్షుడు ఏ వీధిలోవాళ్లకైనా ఒకడే కదా! 2012లో దేశమంతా ఇలా పోయిన ఓట్లు దాదాపు 35 వేలు, అందులో ఇంచుమించు మూడో వంతు ఒక్క అరిజోనావే. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, ఆదివాసుల ఓట్లు ఇలా పోయే అవకాశం రెట్టింపని 2016 లెక్కలు చెప్పాయి. అయినా 2021లో సుప్రీంకోర్టు 6–3 తేడాతో ఆ నియమం సరే అంది. నాకైతే ఆ తీర్పు మింగుడుపడలేదు.

ఇంతకీ దీన్ని తెలుగులో ఏమనాలి? "ఠాణా" అంటే బిల్డింగే గుర్తొస్తుంది, "బూత్" అంటే గది. గీతకి మన దగ్గర మాటుంది: పరిధి. లెక్కల క్లాసులో వృత్తానికి చెప్పిన పరిధే. చుట్టూ ఉండేది, అచ్చం లాటిన్ మాటలాగే. కాకపోతే ఆ మాట మనం ఎక్కువగా వినేది "ఇది మా పరిధి కాదమ్మా" అనే వాక్యంలో. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఆ ఘోరం జరిగిన రాత్రి, కుటుంబాన్ని ఇదే మాట చెప్పి తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కంప్లయింట్ తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. స్టేషన్‌లో ఎవరైనా పరిధి అంటే, ఈ సెక్షన్ నంబర్ చెప్పండి: బీఎన్ఎస్ఎస్ 173. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.