పల్లెకు మోటారు వచ్చిన త్రోవ

ఖాండవ దహన సమయమున అర్జునునకు కపిధ్వజమైన రథము లభించిన వృత్తాంతము భారతము విన్నవారెల్లరకు తెలిసినదే. అగ్నిదేవుడు కోరగా వరుణుడు దానిని ఇచ్చెను. అది ఏ రేవులు దాటి వచ్చెనో, తోలుకొని వచ్చినవానికి బత్తెమెంత యిచ్చిరో ఆ కథలో లేదు. దేవతల చిట్టాలలో రవాణా పద్దు ఉండదు కాబోలు. నెల్లూరు సముద్రతీరపు రైతు మోటారు కారు కొన్న కాలమున మాత్రము ఆ పద్దు చిన్నది కాదు.

తొలినాళ్లలో కార్లన్నియు విదేశములనుండి ఓడలపై వచ్చినవే. 1928లో జనరల్ మోటార్సు వారు బొంబాయిలోను, పిమ్మట ఫోర్డువారు బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలోను విడిభాగములను కూర్చు శాలలు నెలకొల్పిరి. పెట్టెలలో వచ్చిన బండి ఇచట కారుగా రూపొందెడిది. కావున మన తీరమునకు మద్రాసే వాకిలి. నెల్లూరికి సుమారు 110 మైళ్లు. ఒక్క దినపు ప్రయాణము.

స్వాతంత్ర్యానంతరము ఈ స్థితి మారెను. దేశములోనే భాగములను తయారు చేయు సంకల్పము లేని సంస్థలకు 1953 నాటి టారిఫ్ కమిషన్ సిఫారసులతో తావు లేకపోయెను. ఫోర్డు, జనరల్ మోటార్సు శాలలు మూతపడెను. మిగిలినవానిలో ముఖ్యమైనవి మూడు: బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసు చెంత వండలూరులో స్టాండర్డ్, వంగదేశమున హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో హిందుస్థాన్. ఈ చివరిది 1942లో ద్వారక సమీపమునగల ఓఖా రేవులో పుట్టి, 1948లో ఉత్తరపారాకు తరలినది. 1957లో అంబాసిడర్ అచటనే వెలువడెను. వండలూరు మనకు మిక్కిలి దగ్గర. అయితే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడుటతో, నిన్నటిదాక సొంత రాష్ట్రములోని ఆ కర్మాగారము పరరాష్ట్రమున పడెను. బండి కదలలేదు, రైతు కదలలేదు, ఎల్ల మాత్రము వచ్చి తడ దగ్గర నిలిచెను. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టముతో అంతర్రాష్ట్ర విక్రయమునకు వేరు పన్నును వచ్చెను.

మిక్కిలి కష్టము ఉత్తరపారా బండిదే. రైలుపై వేయించుకొననిచో రోడ్డున తోలుకొని రావలసినదే. త్రోవ సుమారు 930 మైళ్లు. కొత్త యంత్రములో పిస్టన్లు, సిలిండరు గోడలు ఒకదానికొకటి ఒరసికొని నునుపు దేరువరకు వేగమునకు కట్టుబాటు ఉండెడిది. గంటకు ముప్పది మైళ్లు మించరాదని నియమము. రేవులు, విశ్రాంతులు కలిపి దినమునకు 160 మైళ్లు నడచినను ఆరు దినములు పట్టును. 500 మైళ్లకు ఇంజను నూనె మార్చవలెను. లెక్క చూడగా ఆ 500వ మైలురాయి విజయనగర ప్రాంతమున పడును. అనగా తెలుగు మాట చెవినబడిన కొలది సేపటికే కొత్త బండికి తొలి స్నానము.

యజమాని పెక్కుమార్లు తాను పోక, నమ్మకమైన డ్రైవరును పంపెడివాడు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము తాత్కాలిక రిజిస్ట్రేషను ఒక్క నెలకు మించి చెల్లదు. ఇతరులకు కలుగు నష్టమునకు భీమా 1946 జూలై 1 నుండియే తప్పనిసరి. ఈ కాగితములలో ఒక్కటి లోపించినను పరాయి ఊరి రోడ్డుపై, భాష రానిచోట, డ్రైవరు ఒంటరివాడగును. వేలు పోసి కొన్న యజమాని భద్రముగా ఇంట నుండగా, గీటు పడిన మాట వానికే వచ్చును. అట్టివారి పేర్లు ఏ పుస్తకమునను ఎక్కలేదు.

సువర్ణరేఖ, వైతరణి, మహానది వరుసగా ఎదురగును. యమలోక మార్గమున వినబడు పేరుగల నది త్రోవలో ఉండుట పెద్దలకు హాస్యాస్పదముగా తోచవచ్చును. వానికన్న కఠినమైనది గోదావరి. రాజమహేంద్రవరము దగ్గర 1900లో పూర్తియైన వంతెన రైలుకే గాని రోడ్డుకు కాదు. కావున 1950 ప్రాంతములలో కారును పంటుపై ఎక్కించి దాటించిరి. రెండు బల్లలు వాల్చి, చక్రములు వానిపై సరిగా నిలుపుట పనితనమే. ఏమాత్రము తొణికినను సంవత్సరముల నిరీక్షణ నీటిపాలు. వరద కాలమున రేవు ఆగినచో ఒడ్డున పడిగాపులే. అచట రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో గాని తెరవబడలేదు. కృష్ణపై ప్రకాశం బరాజు 1957లో రోడ్డును కూడ ఇచ్చెను.

ఇంత దూరము వచ్చిన బండికి తుది పరీక్ష గ్రాండ్ ట్రంకు రోడ్డు విడిచిన పిదప. పెన్న కాలువల గట్లు, వానకు అడుసగు బాటలు, ఆ పైన ఇసుక. తీరపు ఇసుకలో చక్రము కూరుకొనిన, గాలి కొంత తీసి, తాటాకులు పరచి, అప్పటికిని కదలనిచో ఎడ్లను కట్టి లాగించెడివారు. తొమ్మిదివందల మైళ్లు తన కాళ్లపై వచ్చిన బండి ఊరిలోనికి ఎడ్ల వెంట వచ్చుట చూచి నవ్వినవారు లేకపోలేదు. బకింగ్‌హాం కాలువకు ఆవలి పాలెములకు అదియును లేదు. 1876–78 కరవు పనులలో కూలీలు త్రవ్వి పొడిగించిన ఆ కాలువ ఉప్పును, కట్టెలను పడవలపై మద్రాసునకు చేర్చినది. కారును మాత్రము ఈవలి గట్టుననే నిలిపినది. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టుట వేరొక కథ.

1983 డిసెంబరులో గురుగ్రామమున మారుతి వెలువడిన పిమ్మట కార్లు పెద్ద లారీలపై వరుసగా వచ్చుట సామాన్యమయ్యెను. 1998లో హ్యుందాయ్ శ్రీపెరుంబుదూరు చెంతను, 2016లో ఇసుజు తడకు సమీపమున శ్రీసిటీలోను తయారీ ఆరంభించినవి. అంబాసిడర్ 2014లో ఆగిపోయెను.

చేరిన బండికి నెల్లూరు గుర్తు వ్రాయించుట చాలకాలము ముచ్చటగా సాగెను. ఏ.పి. 26 అని ఉన్నచో ఎచట చూచినను మన జిల్లా బండి అని తెలిసెడిది. 2019 నుండి రాష్ట్రమంతటికి ఏ.పి. 39 అను ఉమ్మడి వరుస మొదలయ్యెను. కొత్త పలకను చూచి అది ఏ ఊరు చేరవలసిన బండియో చెప్పుట సాధ్యము కాదు.